తుపాను పనికి ట్రాక్టరు వైరింగ్: బ్యాటరీ పెద్దది వేస్తే సరిపోదు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దు. మీది పద్మనాభం దగ్గర పల్లె. 2011 నాటి 42 హెచ్‌పీ ట్రాక్టరు, ముందు డోజర్ బ్లేడు ఉంది. తుపాను వస్తే రోడ్డు మీద పడిన చెట్లు తీయడానికి పంచాయతీవాళ్ళు, కాంట్రాక్టర్లు నిన్ను పిలుస్తున్నారు. పని ఎక్కువగా రాత్రిపూటే. ఈలోగా అమెరికాలో మంచు పడే ఊళ్ళో ఉంటున్న మీ బావ తన ట్రాక్టరు ఫోటో పంపాడు. పైన ఆరు ఫోకస్ లైట్లు, నెత్తిన తిరిగే పసుపు లైటు, ముందు తాడు చుట్టుకుంటూ బరువు లాగే కరెంటు వించి, క్యాబిన్‌లో హీటరు. అది చూసి నువ్వు కూడా ఆరు హాలోజన్ ఫోకస్‌లు, ఒక వించి, కరెంటు రంపం నడపడానికి ఒక ఇన్వర్టరు పెట్టిద్దామనుకుంటున్నావు. ఇప్పుడున్న 88 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) బ్యాటరీ తీసి 130 వేస్తే చాలా అని అడిగావు.

చాలదు. అసలు బ్యాటరీ జోలికే వెళ్ళక్కర్లేదు.

నాది విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రికల్ పని. 28 ఏళ్ళుగా సెల్ఫులూ డైనమోలూ విప్పుతున్నాను. నా దగ్గరికి వచ్చే ట్రాక్టర్లలో సగం వాటికి ఇదే కథ. లైట్లు పెంచారు, బ్యాటరీ డౌన్ అయింది, పెద్ద బ్యాటరీ వేశారు, అదీ డౌన్ అయింది. మీ ఇంటి మీద ట్యాంకు ఉందనుకో. బోరు నుంచి వచ్చే నీళ్ళకంటే కింద వాడకం ఎక్కువైతే ట్యాంకు పెద్దది కట్టించినా ఇవాళ ఎండేది రేపు ఎండుతుంది, అంతే. బ్యాటరీ ట్యాంకు, ఇంజను తిప్పితే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ బోరు. పైగా పెద్ద ట్యాంకు ఎండితే నిండడానికి కూడా ఎక్కువసేపు పడుతుంది.

కాబట్టి ముందు వాడకం లెక్క చూద్దాం. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఇంజను నడుస్తున్నప్పుడు వోల్టేజి 13.5 అనుకుందాం. నువ్వు పెట్టాలనుకున్న హాలోజన్లు ఒక్కోటి 55 వాట్లు, ఆరు కలిపి 330. అంటే 24 ఆంపియర్లు. హాలోజన్ బల్బుతో తిరిగే లైటు ఇంకో 4. హెడ్‌లైట్లు హైబీమ్‌లో 60 వాట్లవి రెండు, దాదాపు 9. వెనక లైట్లు, మీటరు లైట్లు కలిపి 3. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకుంటుంటే సగటున ఇంకో 3. మొత్తం 43 ఆంపియర్లు.

ఇప్పుడు బోరు. ఈ సైజు ట్రాక్టర్లకు కంపెనీ ఇచ్చేది సాధారణంగా 36 ఆంపియర్ల ఆల్టర్నేటరు. నీదీ అదే అయి ఉంటుంది, పక్కన రేకు మీద రాసి ఉంటుంది చూడు. 43కి 36, కొంచెమే తక్కువ కదా అనిపిస్తుంది. మోసమంతా అక్కడే ఉంది. ఆ 36 అనేది ఆల్టర్నేటర్ బాగా వేగంగా తిరిగినప్పటి మాట. ఇంజను స్లోలో ఉంటే అది ఇచ్చేది సగం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. నీ పని ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకో. చెట్టు దగ్గరికి వెళ్ళి లైట్లు వేసి ఆగుతావు. కుర్రాళ్ళు రంపంతో కొమ్మలు కోస్తుంటారు. ఇరవై నిమిషాలు, అరగంట ట్రాక్టరు స్లోలోనే గుడుగుడుమంటూ ఉంటుంది. తరవాత ఐదు నిమిషాలు రేసు ఇచ్చి బ్లేడుతో తోస్తావు. మళ్ళీ స్లో. అంటే రాత్రంతా నీ బోరు ఇచ్చేది 17 ఆంపియర్లు అనుకుంటే, వాడేది 43. గంటకు 26 చొప్పున బ్యాటరీ నుంచి పోతుంది. గంటా నలభై నిమిషాల్లో 88 ఏహెచ్ బ్యాటరీ సగానికి పడిపోతుంది. ఆ తరవాత ఇంజను ఆపితే సెల్ఫ్ తిరుగుతుందని నేనైతే హామీ ఇవ్వను.

మీ బావ ట్రాక్టరుకు ఈ బాధ ఎందుకు లేదంటే, అక్కడ ట్రాక్టరుతో మంచు తీసేవాళ్ళు చాలామంది స్నో బ్లోవర్ వాడతారు. అది పీటీఓ మీద, అంటే ఇంజను బలాన్ని బయటి యంత్రానికి అందించే ఇరుసు మీద నడిచే యంత్రం, మంచును తవ్వి పక్కకు విసిరేస్తుంది. పీటీఓ స్పీడు అందుకోవాలంటే ఇంజను రేసు మీదే ఉండాలి, కాబట్టి ఆల్టర్నేటర్ కూడా నిండుగా ఇస్తుంది. పైగా చల్లగాలికి ఆల్టర్నేటర్ వేడెక్కదు, వేడెక్కకపోతే ఇంకాస్త ఎక్కువే ఇస్తుంది. మన దగ్గర అక్టోబరు ఉక్కలో, ఇంజను పక్కన ఉడికిపోతూ, స్లోలో తిరుగుతూ అంత ఎలా ఇస్తుంది? ఆయన ఫోటోలో కనబడేది లైట్లు. కనబడనిది ఇంజను స్పీడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది నీకూ గుర్తుండే ఉంటుంది. గంటకు 180 కిలోమీటర్ల పైన గాలి, సిటీలో నిలబడిన చెట్టు కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. రోజుల తరబడి కరెంటు లేదు. మూడో రోజు రాత్రి ఒకాయన మనిషిని పంపి నన్ను బండి మీద తీసుకెళ్ళాడు. ఎనిమిది హాలోజన్లు పెట్టుకున్న లోడర్ ట్రాక్టరు, బీచి రోడ్డు వైపు వెళ్ళే దారి మధ్యలో చచ్చి పడి ఉంది. బకెట్టు నిండా మాను దుంగలు, పైకెత్తిన బకెట్టు అలాగే ఉండిపోయింది. డీజిల్ కోసం ఐదు నిమిషాలు ఇంజను ఆపారట, మళ్ళీ తిరగలేదు. బకెట్టు గాల్లో, కింద మనుషులు, వెనక క్రేను ఒకటి దారి కోసం హారన్ కొడుతోంది. తోసి స్టార్ట్ చేద్దామంటే చుట్టూ కొమ్మలే. ఇంకో ట్రాక్టరు బ్యాటరీ నుంచి కేబుళ్ళు వేసి లేపాను. లేచాక ఆ డ్రైవర్ మళ్ళీ ఎనిమిది లైట్లూ వేశాడు! ఆరు నేనే పీకేసి వచ్చాను.

నువ్వు చేయాల్సింది హాలోజన్లు కొనకుండా ఎల్ఈడీలు కొనడం. 27 వాట్ల ఎల్ఈడీ వర్క్ లైటు ఒక్కోటి 2 ఆంపియర్లు లాగుతుంది, వెలుతురు మాత్రం 55 వాట్ల హాలోజన్‌కు తీసిపోదు. అలాంటివి నాలుగు చాలు. 8 ఆంపియర్లు. ఎల్ఈడీ తిరిగే లైటు 1. హెడ్‌లైట్లు పాతవే ఉంచు, డిమ్‌లో 8. మిగతావి 3. మొత్తం 20. పని జరిగే చోట ఆగి ఉన్నప్పుడు హెడ్‌లైట్లతో అవసరమే ఉండదు, అవి ఆర్పేస్తే 12. స్లోలో కూడా ఆల్టర్నేటర్ దాన్ని మోసేస్తుంది. చెయ్యి రేసు ఒక నాలుగు గీతలు పెంచి, ఇంజను 1,000 నుంచి 1,200 మధ్య ఉండేలా వదిలితే బ్యాటరీకి ఎదురు చార్జి కూడా ఎక్కుతుంది. చూశావా, ఆల్టర్నేటర్ మార్చకుండానే, బ్యాటరీ మార్చకుండానే పని అయిపోయింది. మా షాపువాడికి బేరం పోయింది గానీ నిజం ఇది.

ఎల్ఈడీలు కొనేటప్పుడు డబ్బా మీద రాసింది నమ్మకు. 72 వాట్లు అని రాసి ఉన్న లైటును నేను మీటరు పెట్టి చూస్తే 1.6 ఆంపియర్లు లాగింది. అంటే 21, 22 వాట్లు. షాపులోనే 12 వోల్టుల బ్యాటరీకి పెట్టి మల్టీమీటరుతో కొలిపించు. కొలవనివ్వకపోతే ఇంకో షాపు. నీళ్ళు చొరబడకుండా ఉండే గుణానికి ఐపీ 67 అని రాసి ఉండాలి. మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదని దాని అర్థం. అలా రాసున్న నకిలీవీ ఉన్నాయి. ఇంటికి తెచ్చాక బకెట్టు నీళ్ళలో అరగంట ముంచి, వెలిగించి, గాజు లోపల ఆవిరి పట్టిందేమో చూడు. పడితే మర్నాడే వాపసు.

ఎల్ఈడీలకు మంచు దేశంలో ఒక చిక్కు ఉంది, సరదాగా చెబుతున్నాను. అవి పెద్దగా వేడెక్కవు కాబట్టి గాజు మీద పడిన మంచు కరగక అంటుకుపోయి లైటు కనబడకుండా పోతుంది. అందుకని అక్కడ కొందరు హాలోజన్లే ఉంచుకుంటారు, లేదా గాజును వేడి చేసే లైట్లు కొంటారు. మీ బావను అడుగు, చెబుతాడు. మనకా బెంగ లేదు.

అలాగే క్యాబిన్ హీటరు, ఇంజను బ్లాకు హీటరు మర్చిపో. అక్కడ సున్నాకు 18 డిగ్రీలు కిందికి పోతే బ్యాటరీ తన బలంలో సగం వరకూ పోగొట్టుకుంటుంది, ఇంజనాయిలు జిగురవుతుంది, డీజిల్‌లో మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. అందుకే రాత్రంతా ఇంటి కరెంటుతో ఇంజను వెచ్చగా పెట్టుకుంటారు. మన లంబసింగిలో కూడా చలికాలం సున్నా దగ్గరికి వెళ్తుంది గానీ, తెల్లారి ఆరింటికి సెల్ఫ్ రెండుసార్లు కొడితే లేవని ట్రాక్టరు అక్కడ చలి వల్ల కాదు, పాత బ్యాటరీ వల్ల లేవదు. మన దగ్గర బ్యాటరీని చంపేది వేడి, ఉప్పుగాలి.

లైట్లు ఎక్కడ బిగించాలో చెబుతాను. రెండు టాపు మీద ముందు వైపు, ఒకటి టాపు మీద వెనక్కి, ఒకటి వెనక మడ్‌గార్డు కింద, కొక్కెం కనబడేలా. ముందువి టాపు అంచు నుంచి కొంచెం బయటికే ఉండాలి. లోపలికి ఉంటే బానెట్ మీద వెలుగు పడి నీ కళ్ళలోకే కొడుతుంది. జోరువానలో, పొగమంచులో పై లైట్లు వేస్తే ఎదురుగా తెల్లటి తెర కట్టినట్టు ఉంటుంది. చినుకులే అద్దాలై వెలుతురు వెనక్కి పంపేస్తాయి. మంచు పడేటప్పుడు మీ బావకూ అదే అవస్థ. అప్పుడు పైవి ఆర్పేసి కింద హెడ్‌లైట్లు డిమ్‌లో పెట్టుకోవాలి. అరకు, పాడేరు ఘాట్‌లకు పనికి పోయే ఆలోచన ఉంటే బంపరు కింద, నేలకు దగ్గరగా, పసుపు ఫాగ్ లైట్లు ఒక జత పెట్టించుకో. మైదానానికి అక్కర్లేదు. అందుకే ముందు లైట్లకూ వెనక లైట్లకూ వేరువేరు స్విచ్‌లు ఉండాలి. ఒకే స్విచ్‌కి అన్నీ కలిపేసే మెకానిక్‌కు పని ఇవ్వకు.

ఇక వైరింగ్. నా లెక్కలో నీ డబ్బులో సగం ఇక్కడే పెట్టాలి.

ఇంటి వైరింగ్‌లో వాడే వైరు ట్రాక్టరుకు వాడకు. దాని లోపలి తీగలు మందం, అదురుకు విరుగుతాయి. సన్నటి తీగలు బోలెడు కలిసి ఉండే ఆటో కేబుల్ వాడు. మన తీరానికి తగరం పూత ఉన్న రాగి తీగ, బోట్లలో వాడే రకం, దొరికితే ఇంకా మంచిది. మామూలు రాగి మన గాలికి రెండు మూడేళ్ళలో పైతొడుగు లోపలే నల్లబడిపోతుంది. బ్యాటరీ నుంచి టాపు దాకా 4 మీటర్లనుకో. వెళ్ళడానికి 4, ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్‌కు తిరిగి రావడానికి 4, మొత్తం 8 మీటర్లు. 1 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటరు) వైరులో 8 ఆంపియర్లు పంపితే 1.1 వోల్టు దారిలోనే పోతుంది. 2.5 ఎస్‌క్యూ వైరైతే అర వోల్టు లోపే. హాలోజన్‌కు పదో వంతు వోల్టేజి తగ్గితే వెలుతురు మూడో వంతు పోతుంది. ఎల్ఈడీ అంత మసకబారదు గానీ, పోయిన వోల్టు వైరును వేడి చేస్తూనే ఉంటుంది. 2.5 వేయించు, మారు మాట్లాడకు.

లైట్ల కరెంటు డాష్‌బోర్డు స్విచ్ గుండా పోకూడదు. రిలే పెట్టాలి, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆర్పే స్విచ్. మామూలు నాలుగు కాళ్ళ 30 ఆంపియర్ల రిలే. 30 నంబరు కాలికి బ్యాటరీ ప్లస్, 87కి లైట్లు, 86కి స్విచ్ నుంచి వచ్చే సన్నటి వైరు, 85కి ఎర్త్. ముందు వాటికొకటి, వెనక వాటికొకటి. స్విచ్‌కు వచ్చే కరెంటు కీ దగ్గర నుంచి తీసుకో. అప్పుడు కీ తీస్తే లైట్లన్నీ ఆరిపోతాయి, నిద్రమత్తులో మర్చిపోయినా బాధ లేదు. రిలే కాళ్ళు కిందికి చూసేలా బిగించు. పైకి ఉంటే సాకెట్టులో నీళ్ళు నిలుస్తాయి.

ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, జానెడు దూరంలో. చాలామంది ఫ్యూజు లైటు దగ్గర పెడతారు. ఫ్యూజు ఉన్నది లైటును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ఒరిసి బాడీకి తగిలితే ఆపేవాడే లేడు, తీగ ఎర్రగా కాలి డీజిల్ పైపు దాకా మంట పోతుంది. రెండు లైట్ల సర్క్యూట్‌కు ఒక 10 ఆంపియర్ల ఫ్యూజు, ఎరుపు రంగుది. అది పదే పదే పోతుంటే పసుపు 20 వేయడం కాదు, ఎక్కడ ఒరుస్తోందో వెతకాలి. స్టీరింగ్ కాలమ్ దగ్గరా, టాపు పైపు వంపు దగ్గరా చూడు, నూటికి తొంభై అక్కడే దొరుకుతుంది.

జాయింట్లు మెలితిప్పి టేపు చుట్టొద్దు. వైరు చివర లోహపు లగ్గు వేసి సరైన ప్లయర్‌తో నొక్కించి, పైన జిగురున్న హీట్ స్లీవ్ వేయించు. టేపు వైశాఖంలో కరిగి ఆషాఢంలో ఊడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ మందిని ఏడిపించేది ఎర్త్. నువ్వు రాసిన దాంట్లో "సెల్ఫ్ కొట్టగానే మీటరు లైట్లు దాదాపు ఆరిపోతున్నాయి" అని ఒక ముక్క ఉంది. దాన్ని నువ్వు మామూలుగా తీసుకున్నావు, నేను అక్కడే ఆగాను. సబ్బవరం వైపు నుంచి ఒక రైతు ఒకే ఏడాదిలో మూడు బ్యాటరీలు మార్చి నా దగ్గరికి వచ్చాడు. బ్యాటరీ షాపువాళ్ళు వారంటీలో ఇస్తూనే ఉన్నారు, ఈయన తెచ్చుకుంటూనే ఉన్నాడు. చూస్తే, ట్రాక్టరుకు కొత్తగా రంగు వేయించినప్పుడు ఎర్త్ కేబుల్ విప్పి, రంగు మీదే మళ్ళీ బిగించారు. రంగు కరెంటును పోనివ్వదు కదా. కరెంటు ఏ దారి దొరికితే ఆ దారిన, ఆక్సిలేటర్ కేబుల్ గుండా కూడా పోయి దాన్ని కాల్చేసింది. ఉప్పు కాగితంతో రూపాయి బిళ్ళంత రంగు గీకి, బోల్టు బిగించి పంపాను. నాలుగో బ్యాటరీ ఐదేళ్ళు ఆడింది.

నువ్వే చూసుకోవచ్చు, మెకానిక్ అక్కర్లేదు. మల్టీమీటరును డీసీ వోల్టుల మీద పెట్టు. నల్ల సూది బ్యాటరీ మైనస్ మొన మీద, క్లాంపు మీద కాదు, సీసపు మొన మీదే. ఎర్ర సూది ఇంజను బ్లాకు మీద, రంగు లేని ఇనుము మీద. డీజిల్ స్టాప్ లాగి పట్టుకుని ఒక మనిషి సెల్ఫ్ కొట్టాలి. మీటరు 0.2 వోల్టు లోపు చూపిస్తే ఎర్త్ బాగుంది. 0.5 దాటితే అక్కడే దొంగ. తరవాత ఇలాగే బ్యాటరీ ప్లస్ మొన నుంచి సెల్ఫ్ లావు బోల్టు వరకు చూడు, అర వోల్టు లోపు ఉండాలి. రెండూ బాగుండి కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 కిందికి పడిపోతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించు. కొత్త లైట్లకు కూడా ఎర్త్ టాపు పైపు మీద ఇవ్వకు, ప్లస్‌తో పాటు ఇంకో వైరు బ్యాటరీ మైనస్ దాకా తెచ్చెయ్.

మీ ఊరు సముద్రానికి దూరం కాదు, భీమిలి గాలి మీకూ తగులుతుంది. టెర్మినళ్ళ మీద తెల్లగా, పచ్చగా పూస్తుంటే గోరువెచ్చటి నీళ్ళలో వంటసోడా కలిపి పోసి బ్రష్‌తో రుద్ది కడుగు. ఆ నీళ్ళు సెల్లుల్లోకి పోకుండా మూతలు బిగించి ఉండాలి. ఆరాక క్లాంపులు బిగించి, అప్పుడు పైన వాజిలిన్ రాయి. ముందు రాసి తరవాత బిగించేవాళ్ళు ఉన్నారు, అది తప్పు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఈ ఒక్కటి పాటిస్తే స్పానర్ బాడీకి తగిలి నిప్పురవ్వ లేచే ప్రమాదం ఉండదు. చార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, బీడీ వెలిగించి మూత తీసి చూసినవాడి మొహం నేను చూశాను.

వించి గురించి. 12 వోల్టుల కరెంటు వించి, నాలుగు టన్నులు లాగే రకం, పూర్తి బరువు మీద 400 ఆంపియర్ల దాకా తాగుతుంది. మీ బావ దాన్ని రోజుకొకసారి, అర నిమిషం, ఎక్కడైనా దిగబడితే వాడతాడు. నువ్వు రాత్రికి ఇరవై మానులు లాగుతావు. వద్దు. నీ దగ్గర 42 గుర్రాల ఇంజను ఉండగా బ్యాటరీతో లాగడమేంటి? మంచి వైర్ రోప్ కొని ట్రాక్టరుతోనే లాగు. కాకపోతే రోప్ కట్టేది వెనక డ్రాబారుకే, కింద. పైలింకుకో, సీటు వెనక పైపుకో కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది, దూకే టైము కూడా ఉండదు. రోప్ బిగుసుకున్నాక దాని పక్కన మనిషి ఉండకూడదు. తెగితే కొరడాలా కొడుతుంది. మధ్యలో ఒక తడి గోనె సంచి వేసి ఉంచితే తెగినా విసురు తగ్గుతుంది.

ఇన్వర్టరు కూడా అంతే. 1,000 వాట్ల రంపం నడపాలంటే బ్యాటరీ నుంచి 95, 100 ఆంపియర్లు పోతాయి. నీ ఆల్టర్నేటర్ దాని దరిదాపుల్లోకి రాదు. పెట్రోలు రంపం కొనుక్కో. ఇన్వర్టరు బదులు ఫోన్లకు ఒక మంచి యూఎస్‌బీ సాకెట్టు పెట్టించు, 5 ఆంపియర్ల ఫ్యూజుతో. హుద్‌హుద్ తరవాత మా వీధిలో ట్రాక్టరు ఉన్నాయన ఇంటి ముందు ఫోన్లు పట్టుకుని క్యూ కట్టారు. ఆయన పేరు ఆ వారం ఎమ్మెల్యే కంటే ఎక్కువ వినపడింది.

పసుపు తిరిగే లైటు పెట్టుకో, మంచిదే, వెనక నుంచి వచ్చే లారీవాడికి ముందే కనబడతావు. ఎరుపు, నీలం మాత్రం వద్దు, అవి అత్యవసర వాహనాలవి. రోడ్డు మీద నడిచేటప్పుడు వెనక తెల్ల ఫోకస్ ఆర్పెయ్. వెనకవాడికి అది ఎదురొచ్చే బండిలా కనబడి పక్కకు కోస్తాడు. ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కుకు లైట్లు పని చేస్తున్నాయా అని నేను అడగను, జవాబు తెలుసు. ఈ పనితో పాటే ఏడు పిన్నుల సాకెట్టు మార్పించి, ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించు.

పని మొదలుపెట్టే ముందు చెట్టు మీద కరెంటు తీగ ఉందా లేదా చూడు. ఊళ్ళో కరెంటు లేదు కదా అని తీగను తోయకు. ఎక్కడో ఎవరో జనరేటర్ వేసుంటారు, అది లైన్లోకి ఎదురు వస్తుంది. లైనును మళ్ళీ చార్జ్ చేసేదీ ఎప్పుడో నీకు తెలియదు. 1912కి ఫోన్ చేసి, కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ మనిషి వచ్చి లైను ఎర్త్ చేశామని చెప్పేదాకా నీ బ్లేడు కదలకూడదు. కాంట్రాక్టరు తొందరపెడితే అతన్నే వచ్చి తీగ పట్టుకోమను. ఒకవేళ నువ్వు సీట్లో ఉండగానే తీగ ట్రాక్టరు మీద పడితే దిగకు. కూర్చునే అందరినీ దూరంగా పంపు. మంట లేచి దిగక తప్పకపోతే, రెండు కాళ్ళూ కలిపి దూకాలి. ఒక చేత్తో ట్రాక్టరు, ఒక కాలితో నేల తాకావంటే కరెంటుకు నువ్వే దారి.

డోజర్ బ్లేడుకు ఎప్పుడైనా వెల్డింగ్ చేయిస్తే బ్యాటరీ మైనస్ తీసేసి, ఆల్టర్నేటర్ వైర్లు కూడా విప్పించు. వెల్డింగ్ ఎర్త్ అతికే చోటు పక్కనే పెట్టాలి. లేకపోతే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు పోతాయి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు లాగి "డైనమో చార్జి ఇస్తోందో లేదో" చూసే పాత పద్ధతి కూడా డయోడ్లకు అంతే చేటు. ఇంకోటి, నీ చార్జింగ్ బల్బు వెలగడం లేదని రాశావు. అది ముందు మార్చు. కీ వేసినప్పుడు ఆ బల్బు గుండా వచ్చే కాస్త కరెంటుతోనే చాలా ఆల్టర్నేటర్లు మేల్కొంటాయి. బల్బు పోతే గట్టిగా రేసు ఇచ్చేదాకా చార్జింగే మొదలవదు, నువ్వేమో స్లోలో గంటలు నడుపుతావు. మీ సమస్యలో సగం ఆ చిన్న బల్బే కావచ్చు. బెల్టు కూడా చూడు, బొటనవేలితో నొక్కితే అర అంగుళం కుంగాలి.

ఇది చదివే వేరేవాళ్ళకు ఒక మాట. 2023 జనవరి తరవాత వచ్చిన 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉంటుంది. వాటిలో దొరికిన వైరు నుంచి టెస్ట్ ల్యాంపు పెట్టి కరెంటు లాగకండి. నేను చెప్పినట్టు నేరుగా బ్యాటరీ నుంచే, రిలేతో తీసుకోండి. మీ డీలర్‌ను అడిగి మొదలుపెట్టండి.

తమ్ముడూ, అంతా బిగించాక తుపాను కోసం ఆగకు. సెప్టెంబరు లోపే ఒక రాత్రి ఇంటి దగ్గర పరీక్ష పెట్టు. సాయంత్రం ఇంజను ఆపి మూడు నాలుగు గంటలు అలాగే వదిలి బ్యాటరీ వోల్టేజి చూడు, 12.6 ఉండాలి. ఇంజను వేసి 1,100 దగ్గర పెట్టి లైట్లన్నీ వెయ్. బ్యాటరీ మొనల మీద 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. 13.2 కిందికి వస్తే ఆల్టర్నేటర్ మోయలేకపోతోందని అర్థం, 14.8 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ నీళ్ళు ఉడికిపోతాయి. రెండు గంటలు అలా వదిలెయ్. మధ్యలో రిలేలు, ఫ్యూజులు, లగ్గులు చేత్తో తాకి చూడు. వెచ్చగా ఉంటే పర్వాలేదు, వేలు పెట్టలేనంత వేడి ఉంటే ఆ జాయింటు మళ్ళీ చేయించు. తరవాత అన్నీ ఆపేసి, పదిహేను నిమిషాలు ఆగి, సెల్ఫ్ కొట్టు. మొదటి గిరుక్కే లేవాలి.

లేవకపోతే నువ్వు కొలిచిన రీడింగులన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ట్రాక్టరు వేసుకునే ఆటోనగర్ రా. ఆదివారం తప్ప ఎప్పుడైనా.